నేను ‘ఆయ్’ అన్న రోజు

గోదావరి జిల్లాలో పుట్టి నోట్లో ‘ఆయ్’ లేనివాణ్ణి బహుశా నేనొక్కణ్ణే ఉంటాను. పెళ్ళిళ్ళలో బంధువులు వేళాకోళం చేస్తారు. “ఏంటండీ బావగారూ, ఎంతసేపు చెప్పినా ఊఁ లేదు ఆఁ లేదు, గోడకి చెప్పుకున్నట్టుంది” అంటారు. అననివ్వండి. విన్నప్పుడు విన్నానంటాను. ఒప్పుకున్నప్పుడు ఒప్పుకున్నానంటాను. రెండూ కానప్పుడు నోరు మూసుకుంటాను. ఆ మాట మానేసి చాలా ఏళ్ళయింది.

బయటి ఊళ్ళవాళ్ళకి దాని సంగతి చెప్పాలి. ఎదుటి మనిషి ఏదైనా చెబుతుంటే మధ్యమధ్యలో మర్యాదకి ‘ఆయ్’ అంటాం. వింటున్నానండి, చెప్పండి అని దానర్థం. పెద్దవాళ్ళు పని చెప్పినా ‘ఆయ్’ అనే అంటాం. అప్పుడు అలాగేనండి అని అర్థం. ఏది ఏదో మాకు ఒకరు చెప్పక్కర్లేదు, గొంతులోనే తెలిసిపోతుంది. తెలిసిపోతుందనే నేనూ అనుకున్నాను.

తొంభైల్లో నేను రాజమండ్రిలో ఒక ట్రస్టు నడిపే కళ్ళాసుపత్రిలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. నా పేరు అక్కడ ఎవరికీ పట్టలేదు. డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరూ నన్ను ‘కంప్యూటరుగారు’ అనే పిలిచేవారు. మేడ మీద ఏసీ గదిలో యూనిక్స్ సర్వరు ఉండేది. కింద ఓపీలో, మందుల దగ్గర, రికార్డు రూములో దానికి తగిలించిన టెర్మినళ్ళు ఉండేవి. టెర్మినలంటే సొంత బుర్ర లేని ఒక తెర, ఒక కీబోర్డు, అంతే. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. వాటిలో రెండింటికి మాత్రం లోపల తెలుగు బోర్డు బిగించి ఉండేది. ఆ రెండింటి మీదే తెలుగు టైపు చెయ్యడం, చదవడం. సర్వరుకి అది తెలుగో తమిళమో తెలియదు, ఏవో గుర్తులు దాచమన్నారు, దాచింది. ఆ బోర్డు లేని తెర మీద అదే ఫైలు తెరిస్తే మెలికలు, చుక్కలు, కొక్కేలు తప్ప ఏమీ కనిపించవు.

ఆ రెండు టెర్మినళ్ళలో ఒకటి పంతులమ్మగారిది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు మునిసిపల్ స్కూల్లో చెప్పి రిటైరయ్యాక, ఊరికే ఇంట్లో కూర్చోలేక మా ఆసుపత్రికి వచ్చారు. నీటికాసుల రోగులకి ఉత్తరాలు పంపడం ఆవిడ పని.

నీటికాసులంటే కంట్లో ప్రెషర్ పెరిగి వెనకాల నరాన్ని కొంచెం కొంచెంగా చంపేసే జబ్బు. నొప్పి ఉండదు, ఎర్రబడదు. చూపు అంచుల దగ్గర్నుంచి తగ్గుతూ వస్తుంది, ఆ మనిషికి తెలియదు. తెలిసేసరికి పోయింది పోయినట్టే, మళ్ళీ రాదు. చుక్కల మందు వేసుకుంటూ మూడు నెలలకోసారి ప్రెషర్ చూపించుకుంటూ, అవసరమైతే మందు మార్పించుకుంటూ ఉంటే మిగిలిన చూపు నిలబడుతుంది. కానీ నొప్పి లేని రోగానికి కోతలు మానుకుని, కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి ఎవరొస్తారు? అందుకని మేమే పిలిచేవాళ్ళం. గడువు దగ్గరపడగానే పోస్టుకార్డు వెళ్ళేది. మీ కన్ను చూపించుకోవలసిన రోజు వచ్చింది, తప్పక రావలెను అని తెలుగులో.

అది నా తెలివేం కాదు. పంతులమ్మగారు వచ్చిన కొత్తలో ఇంగ్లీషులో ఉత్తరాలు వెళ్ళేవి, సగం తిరిగొచ్చేసేవి. ఆవిడే నా వెంటపడి ఆ ఫైలు పెట్టించారు. వచ్చిన ప్రతి రోగినీ కూర్చోబెట్టుకుని, “ఉత్తరం ఎవరి చేతికిస్తే మీకు అందుతుందండీ?” అని అడిగేవారు. వాళ్ళేం చెబితే అది అలాగే టైపు చేసేవారు. రేవు దగ్గర సైకిలు షాపు అతనికిచ్చి అందజేయగలరు. పాలకేంద్రంలో ఇస్తే కోడలు పట్టుకెళుతుంది. వారం వారం సంతలో చీపుర్లమ్మే ముసలమ్మకి చెప్పవలెను. ఇంటి నంబర్లూ వీధి పేర్లూ లేని మనుషులకి అవే చిరునామాలు. ఎనిమిదేళ్ళలో అలా వందలమందిని ఎక్కించారు. ఆవిడ లాగిన్‌లోనే నేనొక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. రోజూ పొద్దున్నే గడువొచ్చిన వాళ్ళ కార్డులు ప్రింటరు నుంచి గరగరలాడుతూ దిగేవి. ఆవిడ ఒక్కొక్కదాని కిందా చేత్తో ‘చుక్కలు మానకండి’ అని రాసి పోస్టుకి పంపేవారు.

అలా ఎక్కిన వాళ్ళలో రామచంద్రపురం అవతల నుంచి వచ్చే కొబ్బరి దింపు మనిషి ఒకడు. చెట్టెక్కి కాయలు దించడం అతని వృత్తి. మా దగ్గరకి వచ్చేసరికే కుడి కన్ను పోయింది. ఎడమ కన్ను చాలావరకు ఉంది, దాంతోనే చెట్లెక్కేవాడు. ఇకమీదట ఎక్కొద్దయ్యా అని డాక్టరుగారు చెబితే “ఆయ్” అని తలూపేవాడు. ఆ ‘ఆయ్’కి అర్థం మా అందరికీ తెలుసు, మర్నాడే ఎక్కేస్తాడు. అతనికి చదువు రాదు. ఊళ్ళో వంతెన పక్కన టీ కొట్టాయన కార్డు చదివి చెబితే, ఆ మర్నాటికి మా గుమ్మంలో ఉండేవాడు. వచ్చిన కార్డులన్నీ ఎరువుల బస్తా కవర్లో చుట్టి తెచ్చి పంతులమ్మగారి బల్ల మీద పెట్టేవాడు, చూసుకోండి అన్నట్టు.

ఒకసారి ఆవిడ అతన్ని మందలించారు. “కార్డు వచ్చినా రాకపోయినా మూణ్ణెల్లు కాగానే నువ్వే రావాలయ్యా” అన్నారు.

“అదేంటమ్మగారూ, అంత పెద్ద మిషనెట్టుకున్నారు, నా కన్ను సంగతి నాకన్నా మీకే బాగా తెల్సండి” అన్నాడతను. “కార్డొత్తే ఒచ్చేత్తానండి. రాపోతే బానే ఉన్నట్టండి.”

నేను పక్కనే ఉన్నాను, నవ్వాను. నా మిషను మీద అంత నమ్మకం పెట్టుకున్నాడని లోలోపల పొంగిపోయాను కూడా. ఇప్పుడు దాచడమెందుకు?

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి మాకు సర్వరు అమ్మిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మీరు వాడుతున్న ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిపోయింది, ఫలానా నెల తర్వాత దానికి మా మద్దతు ఉండదు, ఏదైనా చెడితే మేం రాము, వేరేది ఎంచుకోండి అని దాని సారాంశం. అది పట్టుకెళ్ళి ట్రస్టు సెక్రటరీగారికిచ్చాను. ఆయన రైసు మిల్లుల ఆసామి. కళ్ళజోడు పైకి నెట్టి చదివారు.

“మద్దతు ఉపసంహరణా? అయితే గవర్నమెంటు పడిపోయినట్టేనా కంప్యూటరుగారూ?” అన్నారు.

“ఇప్పుడే పడిపోదండి. కానీ ఏదైనా చెడితే ఎత్తేవాళ్ళుండరు. వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి మారాలండి.”

“అసలా ఆపరేటింగ్ సిస్టమంటే ఏంటండి?”

ఆయనకి తెలిసేలా చెప్పాలని మీ మిల్లుకి మోటారు ఎలాగో దీనికి అది అలాగండి అన్నాను. నా ఖర్మ కాకపోతే ఆ పోలికే తెచ్చుకోవాలా?

“అయితే ఇంత గాభరా ఏంటయ్యా! మోటారు మారిస్తే బియ్యం మారిపోతాయా?” అన్నారు.

అక్కడున్న ఇద్దరు ట్రస్టు మెంబర్లు గట్టిగా నవ్వారు. ఆ మాట ఆసుపత్రంతా పాకింది. తర్వాత నేను ఏ భయం చెప్పబోయినా ఎవరో ఒకరు బియ్యం మారిపోతాయా అనేవారు. నాకు ఒళ్ళు మండేది.

నిజానికి నేను ఆషామాషీగా చూడలేదు. పాత దాంతోనే నెట్టుకు రావచ్చా అని చూశాను. కుదరదు, డిస్కు అప్పటికే మొరాయిస్తోంది, కొత్త డిస్కుల్ని ఆ పాత సిస్టమ్ గుర్తుపట్టడం లేదు. ఒక కంప్యూటరు పత్రికతో పాటు యూనిక్స్ లాంటిదే లినక్స్ అని ఒక సిస్టమ్ సీడీ వస్తే మూలనున్న పీసీలో వేసి, రెండు ఆదివారాలు కూర్చుని పంతులమ్మగారి ఫైలు అందులోకి దింపి, ఆవిడ టెర్మినలు తగిలించాను. తెలుగు మచ్చ లేకుండా వచ్చింది. సైకిలు షాపు, పాలకేంద్రం, చీపుర్ల ముసలమ్మ, అందరూ వచ్చారు. సర్వరు ఏదైనా తెలుగు చూపించేది టెర్మినలే కాబట్టి ఇక్కడ దిగులు లేదు. సెక్రటరీగారిని మేడ మీదికి తీసుకొచ్చి చూపించాను.

“ఇది ఎంతకొస్తుంది?” అన్నారు.

“ఉచితమండి.”

“ఉచితమైతే రేపు చెడితే ఎవణ్ణి పట్టుకుంటాం? నిన్నా? నువ్వు రేపు హైదరాబాదు పోతే?”

అది తప్పు ప్రశ్న కాదు, అందుకే మరీ మండింది. నేనెక్కడికీ పోనండి అన్నాను. ఆయన నవ్వి, తెర వైపు చూసి, “ఇంకా ఈ నల్ల తెరేనా?” అన్నారు. అయిపోయింది.

ఆ వారమే విండోస్ సర్వరు అమ్మేవాళ్ళొచ్చారు. వాళ్ళ తెర మీద మా ఆసుపత్రి మేడ ఫొటో, దాని మీద సెక్రటరీగారి తండ్రిగారి పేరు, చుట్టూ రంగురంగుల బొత్తాలు. కమిటీ మీటింగులో జీడిపప్పు ఉప్మా తింటూ అందరూ మౌసు పట్టుకుని ఒకసారి నొక్కి చూసుకున్నారు. ఎనిమిది నల్ల టెర్మినళ్ళూ తీసేసి రంగు తెరలు పెడతామన్నారు వాళ్ళు. మరి తెలుగో అని నేనడిగితే దానికేదో ఫాంటు వస్తుందన్నారు. నీటికాసుల ఉత్తరాలంటూ ఒకటుందని ఆ గదిలో ఎవరికీ గుర్తు లేదు, గుర్తుండే డాక్టరుగారేమో ఆపరేషన్లలో ఉన్నారు. నేను కనీసం పాత సర్వరుని ఆరు నెలలు పక్కన ఉండనివ్వండి, కార్డులు దాన్నుంచే పంపుదాం అన్నాను. పాతది వాళ్ళు ఎక్సేంజిలో తీసుకుంటున్నారు, మాట ఇచ్చేశాం అన్నారు సెక్రటరీగారు.

అప్పుడైనా గట్టిగా పోట్లాడాల్సింది. పోట్లాడలేదు. వాళ్ళ మనిషి వచ్చినప్పుడు పక్కనే కూర్చుని నేనే అన్నీ మార్పించుకుంటానులే అనుకున్నాను.

ఆ మనిషి హైదరాబాదు నుంచి వచ్చాడు. పాతికేళ్ళ ఇంజనీరు. నెమ్మదస్తుడు, పనిమంతుడు. అతని మీద నాకు ఇప్పటికీ ఒక్క మాట అనాలని లేదు. మూడు రోజులు కదలకుండా కూర్చుని రోగుల పట్టికలూ, ఆపరేషన్లూ, మందులూ ఒక్కటి పోకుండా కొత్త సర్వరులోకి తెచ్చాడు. కావలసిన వాటి జాబితా నేనే రాసిచ్చాను. అందులో పంతులమ్మగారి ఫైలు రాయలేదు. దాని తెలుగు గొడవ కాగితం మీద రాస్తే అర్థం కాదు, ఎదురుగా చెబుదామని వదిలాను. మూడో రోజు మధ్యాహ్నానికి అతను చివరికొచ్చాడు. నేను పక్క బల్ల దగ్గర కొత్త పాస్‌వర్డులు రాసుకుంటున్నాను.

“సార్, మీ లిస్టులున్నయన్నీ వచ్చేసినయ్. సరిచూసిన” అన్నాడు.

“ఆయ్” అన్నాను రాసుకుంటూనే.

“ఇంకొకటి ఎవరిదో లాగిన్‌ల పెద్ద ఫైలుంది సార్. తెరిస్తే అంతా జంకే, పిచ్చి గుర్తులున్నయ్. అది వదిలేసి డిస్క్ మొత్తం తుడిచి ఫార్మాట్ కొట్టేస్త. బండి వచ్చింది, కింద ఆగి ఉంది.”

“ఆయ్” అన్నాను.

ఆగండి, చెబుతాను, అది జంకు కాదు తెలుగు, దాన్ని వేరేగా తియ్యాలి. అదీ నేను అనబోయే మాట. ‘ఆయ్’ దానికి ముందుమాట. మా వైపు ఎవడైనా ఆ ‘ఆయ్’ తర్వాత నా మొహం చూస్తాడు, మిగతాది వినడానికి. అదే క్షణాన గుమ్మంలోంచి అటెండరు, “కంప్యూటరుగారూ, సెక్రటరీగారు రమ్మంటున్నారండి. పేపరాయన ఫొటోకొచ్చాడండి” అన్నాడు. నేను పెన్ను పెట్టేసి లేచాను. రెండు నిమిషాల్లో వచ్చి చెబుదామనుకున్నాను.

కింద ఓపీలో కొత్త కంప్యూటరుకి పసుపూ కుంకుమా పెట్టారు. సెక్రటరీగారు కొబ్బరికాయ కొట్టారు. ఫొటోలో నేను వెనక వరసలో ఉన్నాను, నవ్వుతూనే ఉన్నాను. కాఫీలిచ్చారు, తాగాను. పైకెళ్ళేసరికి అతను పాత సర్వరు వైర్లు చుట్టి అట్టపెట్టెలో పెడుతున్నాడు. “అయిపోయింది సార్” అన్నాడు. ఆ ఫైలు సంగతి నాకు గుర్తొచ్చింది కానీ, అతను అంత శుభ్రంగా పనిచేశాడు కదా అని అడగలేదు. నిజం చెప్పాలంటే అడగడానికి భయపడ్డాను. ఆ సాయంత్రమే అది బండెక్కి వెళ్ళిపోయింది.

పంతులమ్మగారు పిఠాపురంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి ఆ సోమవారం వచ్చారు. రంగు తెర ముందు కూర్చున్నారు. ఆవిడ బల్ల మీద మౌసుకి కూడా బొట్టు పెట్టి ఉంది. కాసేపు అటూ ఇటూ నొక్కి నా వైపు తిరిగారు.

“నా మనుషులేరండీ?” అన్నారు.

ఫైలు ఏదండీ అనలేదావిడ.

హైదరాబాదుకి ఫోన్ చేశాను. ఆ ఇంజనీరుకి జరిగింది చెప్పాను. “మీరు ఆయ్ అన్నరు గద సార్” అన్నాడు.

“ఆయ్ అంటే సరే అని కాదయ్యా. వింటున్నానని.”

“విన్నరు గద సార్ మరి” అన్నాడతను. వెటకారంగా అనలేదు. పాపం, నిజంగానే అర్థం కాక అన్నాడు.

డిస్కు అప్పటికే ఇంకెవరికో వెళ్ళిపోయింది. నేను లినక్స్ వేసి చూపించిన మూల పీసీ కూడా ఎక్సేంజి కింద ఆ బండిలోనే పోయింది. సరే, టేపులున్నాయి కదా అనుకున్నాను. ప్రతి శనివారం బ్యాకప్ టేపు నేనే తీసేవాణ్ణి, ఒక్క వారం తప్పలేదు, ఆ విషయంలో నాకు మహా గర్వం. టేపు చదివే పరికరం పాత సర్వరుతోనే పోయింది. సామర్లకోటలో తెలిసినవాళ్ళ ఆఫీసులో అలాంటిదే ఉందంటే టేపులు చేతిసంచీలో వేసుకుని రైలెక్కాను. వాళ్ళు పాపం కుర్చీ ఇచ్చి, టీ ఇచ్చి, పక్కన నిలబడి చదివించారు. అన్నీ ఉన్నాయి. రోగుల పట్టికలూ, ఆపరేషన్లూ, మందులూ, అంటే మాకు ఎలాగూ ఉన్నవే అన్నీ ఉన్నాయి. పంతులమ్మగారి లాగిన్ లేదు. బ్యాకప్ దేనికి తియ్యాలో చెప్పే నాలుగు లైన్లు నేను రాసింది ఆవిడ ఆసుపత్రికి రాకముందు. తర్వాత ఆవిడ వచ్చారు, ఎనిమిదేళ్ళు కూర్చుని టైపు చేశారు, ఆ నాలుగు లైన్లలో ఆవిడ్ని కలపాలన్న ఆలోచన ఒక్క శనివారం కూడా నాకు రాలేదు. తిరుగు రైల్లో నా మీద నాకే అసహ్యమేసింది. ఎనిమిదేళ్ళ పని గోదాట్లో కలిసిపోయింది, కలిపింది నేను.

సెక్రటరీగారికి చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు.

“వాళ్ళకి రోగముందని వాళ్ళకి తెలుసుగా. వాళ్ళే వస్తారు లెండి” అన్నారు. “ఈ సంగతి డాక్టరుగారి దాకా ఎందుకు? ఇప్పుడే కదా ఫొటో పడింది పేపర్లో.”

నేను సరేనన్నాను. నా ఉద్యోగం సంగతి కూడా ఉంది కదా. పైగా నాకు ఒక సుఖం దొరికింది. ఇదంతా ఆ మారిన సిస్టమ్ వల్లేనని, రంగు బొమ్మలకి పడిపోయిన కమిటీ వల్లేనని, లినక్స్ పెట్టుంటే ఇది జరిగేదే కాదని అందరికీ చెప్పుకు తిరిగాను. కొన్నేళ్ళు చెప్పాను. అబద్ధం కూడా కాదు, అదే చిక్కు. కానీ ఆ కొత్త సర్వరు బ్రహ్మాండంగా పనిచేసింది, ఒక్కరోజు ఆగలేదు. ఏ సిస్టమ్ ఎంచుకున్నా పాత డిస్కు తుడిచేముందు ఒక మనిషి ఆగండి అనాలి. ఆ మనిషి ఆయ్ అన్నాడు.

పంతులమ్మగారు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. కొత్త సర్వరులోని పట్టికల్లో ఎవరిది ఏ జబ్బో లేదు. రికార్డు రూములో పాత కేసు షీట్ల కట్టలు దింపించుకుని, దుమ్ముకి ముక్కుకి కొంగు కట్టుకుని, నీటికాసులు అని ఉన్న ప్రతి షీటూ ఏరడం మొదలుపెట్టారు. షీట్ల మీద ఇంగ్లీషులో పేరు, ఊరు మాత్రం ఉండేవి. ఏ టీ కొట్టు, ఏ పాలకేంద్రం అన్నది లేదు. కొన్ని ఆవిడకి గుర్తొచ్చేవి, కొన్ని రావు. అలా గుర్తొచ్చినవి ఒక నోటుపుస్తకంలో రాసుకుని కార్డులు చేత్తోనే రాసి పంపేవారు. కొందరు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు, వాళ్ళని పట్టుకుని మళ్ళీ రాయించుకున్నారు. పాత ఏళ్ళ నుంచి మొదలుపెట్టి ఒక్కో ఏడూ ముందుకి వస్తున్నారు. నెలలు పట్టింది. నేను ఖాళీ దొరికినప్పుడల్లా వెళ్ళి కట్టలు విప్పేవాణ్ణి.

కొబ్బరి దింపు అతని షీటు ఉన్న కట్ట దాకా ఆవిడ ఇంకా రాలేదు, అన్ని వందల పేర్ల మధ్య అతను విడిగా మా ఇద్దరికీ తట్టలేదు. ఈలోగా అతనే వచ్చాడు.

అది మధ్యాహ్నం ఓపీ. మేమిద్దరం కట్టల మధ్య ఉన్నాం. గుమ్మం దగ్గర ఒకామె ఒక మనిషి చెయ్యి పట్టుకుని నిలబడింది. అతను రెండో చేత్తో గోడ తడుముతున్నాడు. చంకలో ఎరువుల బస్తా కవరుంది. డాక్టరుగారు చూసి పంపేశారట, ఇంక చేసేదేం లేదన్నారట. అతని భార్య ఆ మాట చెప్పి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతకు ముందు నెల చెట్టు మీద మట్ట ఎక్కడుందో తెలియక కత్తి తన చేతి మీదే వేసుకున్నాడట. చెట్టు దిగాక తెలిసిందట, చూపు కూడా దిగిపోయిందని.

“అమ్మగారున్నారాండి?” అన్నాడతను.

“ఉన్నానయ్యా” అన్నారు పంతులమ్మగారు.

అతను కవరు విప్పి కార్డులు బల్ల మీద పెట్టాడు, ఎప్పట్లాగే. బల్ల అంచు ఎక్కడుందో కనబడకపోవడంతో రెండు కింద పడ్డాయి. నేను వంగి తీశాను. ఆవిడ చేత్తో రాసిన ‘చుక్కలు మానకండి’ అన్న మాట కనిపిస్తూనే ఉంది.

“ఆఖర్న ఒచ్చిన కార్డు పైనుందండి. దాని తర్వాత రాలేదండి. మందయిపోతే మా మందుల కొట్టులో అదే కొనుక్కుని ఏసుకుంటానే ఉన్నానండి, మానలేదండి. టీ కొట్టాయన్ని రోజూ అడిగేవోణ్ణండి, కార్డొచ్చిందా అని. రాలేదనేవోడండి. రాలేదంటే బానే ఉందనుకున్నానండి.” కార్డుల మీద చెయ్యి ఆనించాడు. “మిషను మారిందంట కదండి. పేపర్లో ఏశారంట, కొట్టాయన సదివాడండి. ఇంకా పెద్దది ఒచ్చిందన్నాడండి.”

పంతులమ్మగారు నా మొహంలోకి చూశారు. ఎనిమిదేళ్ళలో ఆవిడ నన్నలా చూడటం అదే మొదలు.

“కంప్యూటరుగారు కూడా ఉన్నారా ఇక్కడ?” అన్నాడతను, నా ఊపిరి వినబడిందో ఏమో. “బాబుగారూ, మీరు రాసే ఉంటారండి, నాకు తెల్సండి. దారిలో పోస్టులో పడిపోయుంటాదంటారా?”

చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను.

“ఆయ్” అన్నాను.

ఆ ‘ఆయ్’ ఏదో ఇప్పటికీ నాకు తెలియదు. వింటున్నాను, ఆగు, చెబుతాను అనే అనుంటానని కొన్ని రోజులు అనుకుంటాను. కానీ దాని తర్వాత నేనేం చెప్పలేదు. ఈసారి నన్ను పిలవడానికి గుమ్మంలో అటెండరు లేడు, కింద ఫొటో లేదు. అతను మాత్రం మా వైపువాడే, నా మొహం కోసం కాసేపు ఆగాడు, మిగతా మాట వినడానికి. మొహం కనబడలేదు కదా, అవునన్నాననుకున్నాడు.

“అదేనండి, అదే అనుకున్నానండి” అన్నాడు, బరువు దిగినట్టు. భార్య వైపు తిరిగి, “ఇన్నావా, ఆళ్ళు పంపారంట” అన్నాడు. కార్డులు తడిమి తడిమి పోగుచేసి కవర్లో చుట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ ఆగాడు.

“బాబుగారండీ, ఒక్క మాటండి. మా పోస్టుమేను మీద పైకి కంప్లైంటు రాయకండి. పిల్లలు గలోడండి. కావాలని సేసుండడండి.”

పంతులమ్మగారు లేచి కట్టల వెనక్కి వెళ్ళిపోయారు. రాయనని అతనికి మాటిచ్చాను.